మట్టయ్య గొంతు, సాంబమూర్తి పెట్టె

మట్టయ్య తన జన్మలో విజయవాడ చూడలేదు. చూడాలన్న కోరిక కూడా ఆయనకు ఏనాడూ పుట్టలేదు. అయినా ఆ ఊరికి ఆయన పంపినంత జనాన్ని పుష్కరాలు కూడా పంపి ఉండవని ఎల్బీ నగర్ చౌరస్తాలో పెద్దలు అంటారు. పెద్దలంటే పాన్ డబ్బా యజమానీ, ఆటో స్టాండు అధ్యక్షుడూను. ఆ చౌరస్తాకు అంతకు మించిన పెద్దలు అప్పట్లో లేరు.

ఆయన చేసే పనికి పేరు లేదు. సూర్యప్రభ ట్రావెల్స్ ఆఫీసు ముందు రోడ్డు మీద నిలబడి, దారిన పోయేవాళ్లను పిలిచి బస్సెక్కించడం ఆ పని. నకిరేకల్ పక్క పల్లెలో గొర్లు కాసిన గొంతు అది. పట్నం వచ్చాక మనుషులను పిలవడానికి అదే సరిపోయింది. రెంటికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే మట్టయ్య కాసేపు ఆలోచించి, "గొర్లు జర సోంచాయించి, ఎన్కముందు సూసుకోని కదులుతయ్" అనేవాడు.

ఆ పిలుపులో ఒక శాస్త్రముంది. అందరినీ ఒక్క తీరుగా పిలిస్తే ఎవరూ రారు. సంచీ మోయలేక మోస్తున్న ముసలమ్మను చూస్తే, "అవ్వా, కిటికీ పక్కపొంటి సీటు నీకోసమే ఆపిన, కాళ్లు సాపుకోని పో" అని పిలవాలి. ఇన్‌షర్ట్ వేసుకున్నవాడిని "సార్" అని ఒక్కసారి అని ఊరుకోవాలి, రెండోసారి అంటే వాడికి అనుమానం వస్తుంది. ఎటూ తేల్చుకోలేనివాడిని అసలు పిలవకూడదు, వాడి బ్యాగు తీసుకుని ముందు నడవాలి.

ఈ శాస్త్రానికి మూలమంత్రం "ఒక్క సీటే ఉన్నది." బస్సులో డ్రైవర్ కూడా లేనప్పుడు సైతం మట్టయ్య ఆ మంత్రం జపించేవాడు. ఎక్కినవాళ్లు లోపల వరసగా పడుకున్న ఖాళీ సీట్లు చూసి, వెనక్కి తిరిగి మట్టయ్య ముఖం చూసేవాళ్లు. ఆ ముఖం అప్పటికే నవ్వుతూ సిద్ధంగా ఉండేది.

"నీకెన్ని సీట్లు గావాలె అవ్వా? నువ్వు కూసునేది ఒక్కదాంట్లనే గద" అనేవాడు.

అవ్వ ఒక తిట్టు తిట్టేది. తిట్టాక దిగిపోవడం మర్యాద కాదు గనుక కూర్చునేది. ఇరవై ఏళ్లుగా విజయవాడ రహదారి మీద రవాణా వ్యవస్థ ఈ పద్ధతిలోనే నడిచింది.

ట్రావెల్స్ యజమాని సాంబమూర్తిది తెనాలి పక్క. భార్య పేరు బస్సులకు పెట్టాడు. ఆ సూర్యప్రభగారు మాత్రం పుట్టింటికి రైల్లో వెళ్లేవారు. సాంబమూర్తి రాజకీయాలకు అతీతుడు, అంటే అన్ని రాజకీయాలనూ బస్సు అద్దానికి అంటించినవాడు. ఉద్యమం వేడెక్కిన నాటి నుంచి ఆయన బస్సుల ముందు అద్దం మీద "జై తెలంగాణ" అట్ట ఉండేది. కోదాడ దాటగానే డ్రైవర్ దాన్ని తిరగేసేవాడు. వెనకవైపు "సమైక్యాంధ్ర" రాసి ఉండేది. ఒకే అట్ట మీద రెండు ప్రాంతాలనూ కలిపి ఉంచగలిగిన ఏకైక వ్యక్తి ఆయనేనని అనాలి.

ఈ ప్రశాంత సామ్రాజ్యంలోకి రెండువేల పదకొండు వేసవిలో సాంబమూర్తి మేనల్లుడు వినయ్ ప్రవేశించాడు. ఇంజనీరింగ్ అయ్యింది, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంబీఏ కోచింగ్ నడుస్తోంది. కోచింగ్‌లో ఒక పాఠం చెప్పిన సాయంత్రమే దాన్ని మేనమామ వ్యాపారం మీద ప్రయోగించడం అతని అలవాటు.

"మావయ్యా, మట్టయ్య రోజంతా అరిచేది అవే నాలుగు ముక్కలు. ఒక్కసారి రికార్డు చేసి స్పీకర్ పెట్టెలో వేస్తే అయిపోతుంది. ఆయనకి దగ్గొస్తుంది, టీ కావాలి, మధ్యలో అలుగుతాడు. పెట్టెకి అలక ఉండదు కదా."

"మరి మట్టయ్యనేం చేద్దామంటావ్?"

"సూపర్‌వైజర్‌ని చేద్దాం."

"దేనికి?"

"పెట్టెకి."

సాంబమూర్తికి ఆ న్యాయం నచ్చింది. కోఠీకి వెళ్లి పెన్‌డ్రైవ్ పెట్టుకునే లౌడ్‌స్పీకర్ పెట్టె తెచ్చారు. రికార్డింగుకు ఆఫీసు పైగదిలో కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, మట్టయ్యను గోడ ముందు నిలబెట్టారు.

మట్టయ్యకు చెమటలు కారాయి గాని మాట రాలేదు.

"ఏంటి మట్టయ్యా, అరవవేం?" అన్నాడు వినయ్.

"ఎవల్ని జూసి ఒర్రాలె బాబూ? గోడ ఏ ఊరికి పోతది?"

శాస్త్రీయమైన అభ్యంతరమే. వినయ్ తనే ఒక సంచీ భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ ప్రయాణికుడిలా నడిచాడు. అంతే, మట్టయ్యలోని కళాకారుడు లేచాడు. "విజయవాడ, విజయవాడ! ఏసీ బండి, మెత్తటి సీట్లు! ఒక్క సీటే ఉన్నది, ఒక్కటే! ఓ నీలం అంగీ తమ్మీ, నిన్నే, ఎటు సూస్తున్నవ్? జల్ది రా, కదులుతున్నది, కదులుతున్నది!" అని ఒక్క ఊపులో దంచేశాడు. వినయ్ వేసుకున్న చొక్కా నీలం రంగుది.

నీలం అంగీ ముక్క తీసేయాలా అన్న ప్రశ్న వచ్చింది. వినయ్ లోతుగా యోచించి, హైదరాబాదు రోడ్డు మీద ఏ క్షణాన చూసినా ఎవడో ఒకడు నీలం చొక్కాలో ఉంటాడు గనుక ఉంచవచ్చని తేల్చాడు. తేల్చినట్టే జరిగింది. మొదటి వారం ఎల్బీ నగర్‌లో నీలం చొక్కావాళ్లంతా ఉలిక్కిపడి ఆగారు. ఇద్దరు ముగ్గురు, పిలిచింది తమ బంధువేమో అనుకుని, పని లేకపోయినా విజయవాడ వెళ్లొచ్చారు.

మట్టయ్య కూడా గర్వపడ్డాడు. భార్య యాదలక్ష్మిని వెంటబెట్టుకొచ్చి వినిపించాడు. ఆమె కొత్తపేటలో సాయంత్రాలు జొన్నరొట్టెల బండి పెట్టుకునే మనిషి. పెట్టెను పైనుంచి కిందిదాకా చూసి, "ఇంట్ల ఇన్నది సాలదని రోడ్డు మీద గూడ వెట్టిన్రా?" అని రొట్టెల వేళకు వెళ్లిపోయింది.

రెండో వారం నుంచి చిక్కులు మొదలయ్యాయి. ఎక్కినవాళ్లు ఖాళీ సీట్లు చూసి వెనక్కి తిరిగితే, తిట్టడానికి అక్కడ ముఖం లేదు. పెట్టె ఉంది. వాళ్లు చూస్తుండగానే అది మళ్లీ "ఒక్క సీటే ఉన్నది" అనేది. మనిషి అబద్ధమాడితే మోసపోయినవాడికి ఒక మర్యాద మిగులుతుంది, డబ్బా అబద్ధమాడితే అదీ మిగలదు. చుట్టుపక్కల ఒక్క నీలం చొక్కా లేకపోయినా "నిన్నే" అనడంతో పంచెకట్టు పెద్దాయన ఒకరు నొచ్చుకుని, తను తెల్ల చొక్కాలో ఉన్నానని పెట్టెకు చాలాసేపు నచ్చజెప్పాడు. సూపర్‌వైజర్ కుర్చీలో కూర్చున్న మట్టయ్యకు నాలుక దురద పెట్టేది. కానీ సూపర్‌వైజర్లు అరవకూడదని వినయ్ నిబంధన.

ఇంతలో సెప్టెంబరు వచ్చింది, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. ఆర్టీసీ బస్సులు డిపోల్లో పడుకున్నాయి. బడులు మూతపడ్డాయి, ఆఫీసులు మూతపడ్డాయి. ఎల్బీ నగర్ చౌరస్తాలో టెంటు లేచింది. సమ్మెలో ఉన్న ఆర్టీసీ కండక్టర్ అంతయ్య దానికి సర్వాధికారి. సకల జనుల్లో తనూ ఒకడినేనని మట్టయ్యకు రూఢిగా తెలుసు. వెళ్లి సాంబమూర్తి ముందు నిలబడ్డాడు.

"సార్, నేను గూడ సమ్మెల కూసుంట."

యజమాని గొడవ పడతాడనుకున్నాడు. సాంబమూర్తి చాలా ఉదారంగా, "వెళ్లవయ్యా, అది నీ హక్కు. పెట్టె ఉందిగా" అన్నాడు. ఆ ఉదారత్వంలో ఏదో తేడా ఉందని అనిపించింది గాని, అదేమిటో మట్టయ్యకు మర్నాటి దాకా అంతుబట్టలేదు.

అంతయ్య ఆయన గొంతు ఎరిగినవాడు. మర్నాడు టెంటులోకి రాగానే మైకు చేతికిచ్చాడు. "మట్టన్నా, నినాదం నువ్వియ్యాలె. మా గొంతులు పోయినయ్."

మట్టయ్య గొంతు సవరించుకున్నాడు. రోడ్డుకు ఈవల టెంటు, ఆవల సూర్యప్రభ ట్రావెల్స్.

"మనకేం కావాలె?" అని గర్జించాడు.

జనం నోరు తెరిచేలోగా రోడ్డు ఆవలి నుంచి అదే గొంతు, అంతే గర్జనతో జవాబిచ్చింది: "విజయవాడ, విజయవాడ!"

టెంటులో తలలన్నీ రోడ్డు ఆవలికి తిరిగాయి. మట్టయ్య మళ్లీ అడిగాడు, ఈసారి ఇంకా గట్టిగా. "ఎన్ని తీర్ల గావాలె?"

"ఒక్క సీటే ఉన్నది, ఒక్కటే!" అంది పెట్టె.

వెనక వరసలో ఎవరో నవ్వారు. ఉద్యమాలు లాఠీలను తట్టుకుంటాయి గాని నవ్వును తట్టుకోవు. అంతయ్య మైకు వెనక్కి తీసుకున్నాడు. ప్రపంచ కార్మికోద్యమాల్లో సమ్మెలు యజమానుల చేతిలో, పోలీసుల చేతిలో భగ్నమయ్యాయి. సమ్మె చేస్తున్నవాడి సొంత గొంతే దాన్ని భగ్నం చేయడం ఎల్బీ నగర్‌కు దక్కిన ఖ్యాతి. మనిషి సమ్మెలో ఉన్నాడు, ఆయన గొంతు డ్యూటీలో ఉంది.

"గదేందన్నా?" అన్నాడు అంతయ్య బయటికి తీసుకెళ్లి. "ఆర్టీసోళ్లం జీతం ఇడిసిపెట్టి కూసున్నం. నువ్వేమో గాడ ఆళ్లకు బండి నింపుతవ్, గీడ మాకు నినాదం ఇస్తవ్."

"నేను గాదు తమ్మీ, డబ్బ."

"డబ్బల ఉన్నదెవరు? పోరలు రాయేసి పలగొడ్తమన్నరు. నేనే ఆపిన. మనోని గొంతు మీద రాయెట్ల ఏస్తమని. గది బందయ్యేదాంక నువ్వు మైకు పట్టకు. నలుగురు నిన్ను ఏమన్న అంటే నేను ఇనలేను."

మట్టయ్య రోడ్డు దాటి సాంబమూర్తి దగ్గరికి వెళ్లాడు.

"నా గొంతు నాకు మళ్ల ఇచ్చెయ్యి సార్."

"నీ గొంతు నీ దగ్గరే ఉందిగా మట్టయ్యా, ఇప్పుడు మాట్లాడుతున్నావ్. రికార్డు నాది" అన్నాడు సాంబమూర్తి. న్యాయశాస్త్రంలో ఆయనకు ప్రవేశం లేదు గాని అవసరానికి అది దానంతటదే వచ్చేది.

ఆ సాయంత్రం మట్టయ్య నడుచుకుంటూ కొత్తపేట వెళ్లి, రొట్టెల బండి పక్కన స్టూలు మీద కూలబడ్డాడు. యాదలక్ష్మి పిండి ముద్ద చరుస్తూనే మొగుడి వాలకం చూసింది.

"ఏందయ్యా, మూతి గట్ల వెట్టినవ్?"

"నా గొంతు నా మాట ఇంటలేదే."

"నా మాట ఎన్నడిన్నది గనుక?"

మట్టయ్య జరిగినదంతా చెప్పాడు. మనం ఉద్యమంలో ఉన్నామని జనానికి తెలిసేదెట్లా అని వాపోయాడు. నలుగురిలో తల ఎత్తుకోలేనన్నాడు. రొట్టె తిప్పుతూ యాదలక్ష్మి సావధానంగా వింది.

"నువ్వింట్ల లొల్లి వెడ్తే నేనేం జేస్త?"

"నోరు మూయుమంటవ్."

"అంటే మూసినవా ఎన్నడన్న? మూయవు. అందుకే నేను మాటకు మాట చెప్త. రెండు మాటలకు నీకే నవ్వొస్తది, సప్పుడు జెయ్యకుంట తింటవ్. గా డబ్బకు ఎదురు చెప్పెటోడు లేడు. గందుకే ఒర్రుతున్నది. రొట్టె తిను."

మర్నాడు పొద్దున్నే మట్టయ్య వెళ్లి పెట్టెకు ఎదురుగా, ఫుట్‌పాత్ మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫుట్‌పాత్ సాంబమూర్తిది కాదు. బందోబస్తుకు వచ్చిన పోలీసులు ఇడ్లీలు తింటున్నారు. నలుగురైదుగురు ప్రయాణికులు బస్సు వంక, టెంటు వంక అనుమానంగా చూస్తున్నారు.

"విజయవాడ, విజయవాడ! ఏసీ బండి, మెత్తటి సీట్లు!" అంది పెట్టె.

"ఏసీ నిజమే" అన్నాడు మట్టయ్య తాపీగా. "గాని డ్రైవర్ దిక్కే కొడ్తది."

"ఒక్క సీటే ఉన్నది, ఒక్కటే!"

"ఎండకాలం సంది గదే సీటున్నది. పాపం, దానికి సంబంధం కుదురుతలేదు."

"ఓ నీలం అంగీ తమ్మీ, నిన్నే, ఎటు సూస్తున్నవ్?"

"ఆ తమ్ముడు సమ్మెల కూసున్నడు. రాడు."

"కదులుతున్నది, కదులుతున్నది!"

"కదిలేది నీ నోరొక్కటే బిడ్డా. టైరు కింద కుక్క పండుకున్నది, అదన్న లేస్తలేదు."

పోలీసుల్లో ఒకాయనకు ఇడ్లీ కొరబోయింది. పెట్టె మళ్లీ మొదటికి వచ్చి అవే మాటలు అదే వరసలో చెప్పింది, దానికి అవి తప్ప మరేమీ రావు. మట్టయ్య మాత్రం రెండో చుట్టుకు కొత్త జవాబులు చెప్పాడు, మూడో చుట్టుకు ఇంకా కొత్తవి. నీలం అంగీ తమ్ముడు చౌటుప్పల్‌లో దిగిపోయాడు, పెళ్లి చేసుకున్నాడు, అత్తగారింట్లో అలిగాడు. టెంటులోంచి జనం రోడ్డు ఇవతలికొచ్చారు. ఆటోలు ఆగాయి. ఒక్క మాట పోకుండా వినాలంటే బస్సులో కిటికీ పక్క సీటే మేలని కొందరు కనిపెట్టారు. చూస్తుండగా సీట్లు నిండసాగాయి.

అంతయ్య గుంపును తోసుకుంటూ వచ్చి చెవిలో అన్నాడు: "మట్టన్నా, నువ్వు బండి నింపుతున్నవే!"

మట్టయ్య తిరిగి చూశాడు. నిజమే, బస్సు ముప్పాతిక నిండింది. పెట్టె వేసవి నుంచీ చేయలేని పని ఆయన దాన్ని తిడుతూ ఘడియలో చేసేశాడు. చేతి అలవాటు చెరుపుకోవచ్చు, నోటి అలవాటు చెరుపుకోవడం మహర్షులకే సాధ్యం కాలేదు.

సాంబమూర్తి ఆఫీసు మెట్లు దిగి వచ్చాడు. ఆయన ముఖం బస్సులాగే నిండుగా ఉంది. పక్కన వినయ్ ఫోను పైకెత్తి పట్టుకున్నాడు.

"సూపర్ మట్టయ్యా. మావయ్యా, ఇదంతా రికార్డు చేశాను. రెండు పెట్టెలు పెడదాం. ఒకటి పిలుస్తుంది, ఒకటి వెక్కిరిస్తుంది."

"చేసుకో బాబూ" అన్నాడు మట్టయ్య. "రేపు ఆ రెండిటికీ జవాబు చెప్త. నీ తాన పెట్టెలు అయిపోతయ్, నా తాన మాటలు ఒడువయ్."

అని, నోరు మూసుకుని ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు. అంతే, మరి మాట్లాడలేదు. ఇరవై ఏళ్లలో ఆయన రోడ్డు మీద తనంతట తాను నోరు మూసుకోవడం అదే మొదటిసారి.

పెట్టె మాట్లాడింది. ఎవరూ నవ్వలేదు. అది మళ్లీ మాట్లాడింది. జనం మట్టయ్య వంక చూశారు, ఆయన కుక్క వంక చూశాడు. "కదులుతున్నది, కదులుతున్నది" అని పెట్టె ఐదారు సార్లు అన్నా బస్సు కదలకపోయేసరికి, కిటికీ పక్క కూర్చున్నావిడ తల బయటపెట్టి, "ఏమయ్యా, ఎప్పుడు కదులుతుంది?" అని అడిగింది. పెట్టె ఆమెను నీలం అంగీ తమ్మీ అంది. ఆవిడ సంచీ తీసుకుని దిగింది. ఆమె వెనక మరొకరు, వాళ్ల వెనక ఇంకొకరు దిగారు. బస్సు నిండినంత తేలిగ్గానే ఖాళీ అయింది.

సాంబమూర్తి వ్యాపారి. నిండిన బస్సు ఖాళీ అవుతుంటే చూడటం కంటే గొప్ప చదువు ఆయనకు ఏ కోచింగూ చెప్పలేదు.

"అరవకపోతే పోనీ, ఏదో ఒకటి మాట్లాడవయ్యా" అన్నాడు పక్కన చతికిలబడి.

"సమ్మెల ఉన్న సార్."

"సరే, ఏం కావాలి నీకు?"

సంధి చర్చలు పాన్ డబ్బా దగ్గర, టీ సాక్షిగా జరిగాయి. సమ్మె అయ్యేదాకా పెట్టె మూగనోము పట్టాలని మట్టయ్య అడిగాడు. ఎలాగూ బస్సులు సగం ఆగిపోతున్నాయి గనుక సాంబమూర్తి ఒప్పుకున్నాడు. పెట్టెలోనూ వినయ్ ఫోనులోనూ ఉన్న మట్టయ్య గొంతు చెరిపేయాలి. దానికీ సరేనన్నాడు. సమ్మె అయ్యాక పెట్టెను అసలు వాడకూడదా అని వినయ్ దీనంగా అడిగాడు. కోఠీ దుకాణంవాడు వెనక్కి తీసుకోడట.

"వాడుకో బాబూ. నాకు దానితోని పగ లేదు. ఊళ్ల పేర్లు, బండి టైము డబ్బ చెప్పనీ, నీ గొంతుతోని. నాకు గూడ దమ్ము మిగుల్తది. ఒక్క సీటే ఉన్నదని మాత్రం నేనే చెప్త."

"అదేంటి, నిజాలన్నీ పెట్టెకిచ్చి అబద్ధాలు నువ్వు ఉంచుకుంటావా?" అన్నాడు సాంబమూర్తి.

"అబద్ధం చెప్పెటోడు ఎదురుంగ ఉండాలె సార్. తిడితే పడాలె. డబ్బను ఎవలు తిడ్తరు?"

వినయ్ కోచింగ్ పుస్తకాల్లో యంత్రానికీ మనిషికీ మధ్య పని ఎలా పంచాలన్న అధ్యాయం ఒకటి ఉండేది. నూట పది పేజీలు. అందులో ఈ సూత్రం లేదు.

మధ్యాహ్నం వినయ్ పెన్‌డ్రైవ్‌ను ఆఫీసులో కంప్యూటరుకు తగిలించాడు. చెరిపేముందు ఒక్కసారి వింటానన్నాడు మట్టయ్య. కుర్చీ అంచు మీద కూర్చుని, తల ఒక పక్కకు వాల్చి, పొరుగూరి మనిషి కచేరీ వింటున్నట్టు చివరిదాకా విన్నాడు.

"మంచిగనే పిలుస్తుండు" అన్నాడు. "గని ఎవల్నీ సూస్తలేడు."

"తీసేయనా?"

"తీసెయ్యి."

వినయ్ మీట నొక్కాడు. ఏ చప్పుడూ కాలేదు. మట్టయ్య లేచి, గొంతు మీద ఒకసారి చెయ్యి వేసి చూసుకుని, రోడ్డు దాటి టెంటుకు వెళ్లాడు. అంతయ్య మైకు చేతిలో పెట్టాడు.

"మనకేం కావాలె?" అని గర్జించాడు మట్టయ్య.

అని, తెలియకుండానే రోడ్డు ఆవలికి చూసి ఆగిపోయాడు. పెట్టె జవాబు చెబుతుందని ఒళ్లు అలవాటుగా ఎదురుచూసింది. ఏమీ రాలేదు. ఆటోల చప్పుడు, ఎవరిదో దగ్గు, అంతే. ఆయన ఎందుకు ఆగాడో టెంటులో ఎవరికీ తెలియదు. ఆ ఆగడమే గొప్పగా ఉందనుకుని, వాళ్లు ఊపిరి బిగబట్టి, ఇంకొంచెం ఆగి, టెంటు గుడ్డ అదిరేలా జవాబిచ్చారు.

నినాదం ఇవ్వడంలో ఎక్కడ ఆపాలో మట్టయ్యకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని అంతయ్య ఆ సాయంత్రం పదిమందితో అన్నాడు. మట్టయ్య కాదనలేదు. ఆయన వృత్తిలో పొగడ్తను కాదనడం ఎవరూ నేర్పలేదు.